వ్యాను కింద మస్తాను, పీట మీద అమ్మ

మా అమ్మాయి కొత్త కారు కొన్న నెలలోనే ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే పాతవాటి మీద అనుమానం పుట్టడం సహజమే కాబట్టి, నేను కుర్చీలోంచి కదలకుండా నా వంతు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. అటక మీద నుంచి దిగిన సామాన్లలో మా అమ్మ పీట ఉంది. వేపచెక్క పీట, పొట్టి కాళ్ళు, ఒక మూల విరిగింది. పైన రెండు మరకలు. ఒకటి తేనెరంగులో చెక్కలోకి ఇంకిపోయి నున్నబడింది. రెండోది నల్లగా, రూపాయి బిళ్ళంత ఉంది. గీకించి పాలిష్ కొట్టిస్తే హాల్లో పెట్టుకోవచ్చని, వచ్చినవాళ్ళకి చూపించడానికి బాగుంటుందని అమ్మాయి అంది. అంతలో నల్లమరక దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. అనుమానం వస్తే వాసన చూడడం మా ఇంటి ఆడవాళ్ళ పద్ధతి. ఎవరూ నేర్పకుండానే అది ఈమెకు కూడా వచ్చినందుకు నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఏం మరక ఇది అని అడిగింది. రెండూ నూనె మరకలేనని, ఒకటి మనుషులు తినేదని, ఇంకొకటి బండి తాగేదని చెప్పాను. వంటింటి పీటకు బండి నూనె ఎలా అంటిందంది. అది కొంచెం పెద్ద కథ అన్నాను. పెద్ద కథ అనగానే ఆమె మళ్ళీ అటక ఎక్కింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది మైపాడుకి కాస్త ఇవతల సముద్రం పక్క ఊరు. మా ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి: ఎండుచేపలది, బండి ఇరుసుకు పూసే కందెనది, నువ్వుల నూనెది. మొదటి రెండూ నాయన వ్యాపారానివి. మూడోది పూర్తిగా అమ్మ అధికారం కింద ఉండేది. నూనె బజార్లో కొనడమంటే ఆమె దృష్టిలో మోసపోవడానికి సంచీ పట్టుకుని వెళ్ళడమే. నువ్వులు తనే కడిగి, ఆరబెట్టి, మూటకట్టి, ఆ మూట నెత్తిన, ఈ పీట చంకన పెట్టుకుని ఎద్దు గానుగ దగ్గరికి వెళ్ళేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. నువ్వులు పోసింది మొదలు నూనె దిగే దాకా గానుగ పక్కనే కూర్చోవాలి. ఎద్దు తిరుగుతుంటే దాని వెంట కళ్ళు తిరగాలి. తన నువ్వుల్లో వేరుశనగ పడకుండా, తన నూనె ఇంకొకరి కుండలోకి పోకుండా చూసుకుని, చివరికి తెలకపిండి కూడా తనదే తను ఇంటికి తెచ్చుకునేది. గానుగ ఆయన చాలా మంచివాడు. ఆ మాట అమ్మే చెప్పేది. మంచివాడైనా సరే, కూర్చునేది. ఆయన కూడా తప్పు పట్టేవాడు కాదు. పీట వేసుకోవడానికి నీడన ఇంత చోటు ఊడ్చిపెట్టి ఉంచేవాడు.

నాయన సంగతి వేరు. అమ్మ నూనెను మాత్రమే అనుమానించేది, నాయనకు అలాంటి పక్షపాతం లేదు. ఆయన తూకపు రాళ్ళని కూడా తూచేవాడు. పేపరు వస్తే ముందు తేదీ చూసేవాడు, నిన్నటిది అంటగట్టారేమోనని. దొడ్డి తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. బాగున్నావా అని ఎవరైనా పలకరిస్తే బాగున్నానని చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి అతని మొహం చూసేవాడు. అలాంటి మనిషి పడవల మీద వచ్చిన చేపలు కొని నెల్లూరుకి పంపే వ్యాపారం ఎలా చేశాడని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చేప కూడా పట్టుకున్న క్షణం నుంచి మనల్ని మోసం చెయ్యడం మొదలుపెడుతుంది. ఎద్దుబండి నెల్లూరు చేరేసరికి సగం చేపకి కళ్ళు లోపలికి పోయేవి. అందుకే, చాలా కాలం ఆలోచించి, ఆలోచనని కూడా అనుమానించి, చివరికి మద్రాసు వెళ్ళి పికప్ వ్యాను కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక పైకప్పు లేని పెట్టె. నీలం రంగు. అంతకంటే దాని గురించి నాకు అప్పుడు తెలిసింది లేదు.

నడపడానికి గూడూరు నుంచి మస్తాను వచ్చాడు. నిమ్మకాయల లారీ తోలిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకునేవాడు, తర్వాత చాలాసార్లు మాట్లాడేవాడు కాదు. ఉన్న పని వదులుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చి, మా వీధి చివర ఇల్లు తీసుకున్నాడు. అమ్మను అక్కా అనేవాడు. నేను అతన్ని మస్తానన్నా అనేవాణ్ణి. ఆ లెక్కన మా ఇద్దరికీ ఏం వరసవుతుందో ఎవరూ పట్టించుకోలేదు. తెల్లవారకముందే చేపల బుట్టలు ఎక్కించుకుని నెల్లూరు పోయి, ఎండ ముదరకముందే ఖాళీ వ్యానుతో వచ్చేవాడు. వచ్చాక నాయన వ్యాను చుట్టూ తిరిగేవాడు. వెళ్ళిన చక్రాలే తిరిగొచ్చాయా అని చూస్తున్నాడని నాకు అనుమానం.

బండితోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. నేను అప్పుడే బి.ఏ. పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. నా ముఖ్య విషయం తర్కశాస్త్రం. అందులో ఇంజనుకి పనికొచ్చే భాగం తక్కువ. అయినా ఇంగ్లీషు కాబట్టి పుస్తకం నా చేతికొచ్చింది. ఇంగ్లీషు నాకు అర్థమైంది. అది దేన్ని గురించి చెబుతోందో అర్థం కాలేదు. కొత్త బండికి మొదటిసారి ఇంజను నూనె త్వరగా మార్చాలని, అందుకు వర్క్‌షాపుకి తీసుకెళ్ళమని మాత్రం స్పష్టంగా ఉంది. ఆ రెండో మాట వినగానే నాయన నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. కొత్త బండిని వర్క్‌షాపు లోపలికి తోలుకుపోతే మన సామాను వాళ్ళకీ, వాళ్ళ పాత సామాను మనకీ వస్తుందని ఆయన ఎవరి దగ్గరో విన్నాడు. ఎవరి దగ్గర అంటే చెప్పలేదు. ఆ మనిషి మీద కూడా నమ్మకం ఉన్నట్టు లేదు. నూనె మనమే మార్చుకుందాం అన్నాడు. అమ్మ వెంటనే, అట్టయితే నేనొచ్చి కూర్చుంటా అంది. నూనె పని ఎక్కడ జరిగినా అక్కడ తను ఉండాలనేది ఆమెకు చర్చించే విషయం కాదు.

నెల్లూరులో సీలు వేసిన నూనె డబ్బా కొన్నాం. సీలును నాయన గోటితో గీకి చూశాడు, అమ్మ మూత దగ్గర వాసన చూసింది. ఒక రోజు మస్తాను నెల్లూరు నుంచి రాగానే పని మొదలైంది. ఇసక నేల కాబట్టి జాకీ పెడితే జాకీయే దిగిపోయింది. గొయ్యి తవ్వితే అంచులు కూలాయి. చివరికి ఒడ్డున విప్పి పడేసిన పాత తెప్ప మానులు రెండు తెప్పించి, వాటి మీదికి ముందు చక్రాలు ఎక్కించారు. వ్యాను ముట్టె పైకెత్తి సముద్రం వైపు చూస్తూ నిలబడింది. పడవల వాళ్ళు నలుగురైదుగురు వచ్చి, దీన్ని కూడా నీళ్ళలోకి తోస్తారా ఏంది అని అడిగి, చూస్తూ కూర్చున్నారు. నూనె పట్టడానికి అమ్మ మంచి గిన్నె ఏదీ ఇవ్వనంది. చేపలు కడిగే రేకు తొట్టి, అంచు విరిగింది, అది ఇచ్చింది. తర్వాత పీట తెచ్చి, తొట్టికి బారెడు దూరంలో వేసుకుని, చెంగు సర్దుకుని, గానుగ దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. నేను పుస్తకం తెరిచి పక్కన నిలబడ్డాను. మస్తాను పానా పట్టుకుని వ్యాను కిందికి దూరాడు.

నట్టు వదులై నూనె ధారగా దిగింది. డబ్బాలో మేం చూసిన కొత్త నూనె తేనెరంగులో ఉంది. ఇది నల్లగా ఉంది. మామూలు నలుపు కాదు, దీపం పొగ గోడకి పట్టినట్టుండే నలుపు. ఒక చుక్క చిట్లి పీట మీద పడింది. ఆ మరకే ఇది. తొట్టిలో నలుపు మీద అక్కడక్కడా సన్నగా ఏదో మెరిసింది. చేపలు కడిగే తొట్టి కాబట్టి పొలుసులని అందరం అనుకున్నాం, దాన్ని పట్టించుకోలేదు. నాయన వంగి వేలు ముంచాడు. వేలు ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. పడవల వాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిగారు.

“కొత్త బండిలో ఇంత నలుపు ఎట్టొచ్చింది?” అన్నాడు.

మస్తాను వ్యాను కింద నుంచే, ఇంజనులో తిరిగిన నూనె నల్లబడుతుందని, ఏ బండికైనా అంతేనని చెప్పాడు. నాయన నా వైపు తిరిగి పుస్తకంలో ఏముందో చూడమన్నాడు. చూశాను. నూనె నల్లగా వస్తుందని గాని, రాదని గాని అందులో లేదు. ఆ మాటే చెప్పాను. చెప్పలేదంటే దాచినారన్నమాట, అన్నాడు నాయన. అక్కడి నుంచి ఆయన ఆలోచన రెండు దారుల్లో నడిచింది. ఒకటి, మద్రాసు వాళ్ళు పాత ఇంజనుకి కొత్త రేకు తొడిగి అమ్మారు. రెండు, బండి మంచిదే. రోజూ నెల్లూరు దాకా ఒంటరిగా పోయి వచ్చే మనిషి కొత్త నూనె దించి అమ్ముకుని, ఏ లారీదో వాడేసిన నూనె పోశాడు. మొదటిది అయితే మద్రాసు పోవాలి. రెండోది అయితే ఎక్కడికీ పోనక్కర్లేదు, మనిషి ఎదురుగానే ఉన్నాడు. నీకేమనిపిస్తా ఉండాదని నన్ను అడిగాడు. రెండింటిలో ఏదైనా కావచ్చు, రెండూ కాకపోనూవచ్చు అన్నాను. అంత చదువు చదివించినందుకు నాయన విచారించినట్టు కనిపించింది.

మస్తాను కింద నుంచి బయటికొచ్చాడు. మోచేతుల దాకా నూనె. గొంతు సవరించుకున్నాడు. నాయన అతన్ని దొంగ అనలేదు. ఈ నూనె ఎవరికైనా చూపించి తేల్చుకునే దాకా బండి కదలకూడదని, కొత్త నూనె పొయ్యొద్దని మాత్రమే అన్నాడు. ఆ మాటకి అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. నూనె దొంగ అని పేరు పడిన డ్రైవరుకి గూడూరు నుంచి నెల్లూరు దాకా ఎవరూ స్టీరింగు ఇవ్వరు. పడవల వాళ్ళు సాయంత్రానికి ఆ మాట ఒడ్డంతా మోసుకుపోతారు; మర్నాడు బుట్టలతోపాటు అది నెల్లూరు చేరుతుంది. మస్తాను జేబులోంచి వ్యాను తాళం తీసి, నాయన చేతికి ఇవ్వకుండా, అమ్మ కూర్చున్న పీట అంచున పెట్టాడు. “నువ్వు చూస్తానే ఉండావు గదక్కా,” అన్నాడు. చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు. అమ్మ చూసింది నిజమే. కానీ నట్టు ఊడినప్పటి నుంచే చూసింది, అంతకుముందు చూడలేదు. ఆమె లెక్కలో అది సగం చూడడమే.

మర్నాడు పొద్దున చేపలు ఎద్దుబండ్ల మీద పోయాయి. వ్యాను తెప్ప మానుల మీద ముట్టె పైకెత్తుకుని అలాగే ఉంది. నాయన నల్లనూనె సీసాలో పోసుకుని నెల్లూరు వెళ్ళడానికి తయారవుతున్నాడు. అక్కడ ఎవరికి చూపించాలా, ఆ మనిషిని ఎంతవరకు నమ్మొచ్చా అని ఆగి ఉన్నాడు. అమ్మకి ఇంకో తొందర ఉంది. నూనె ఏదైనా సరే పారబొయ్యడం ఆమె వల్ల కాదు. ఈ నల్లదాన్ని ఇరుసుల కందెనలోకి వాడుకోవచ్చని, గానుగ నూనెను తేర్చినట్టే తొట్టి వంచి, మడ్డి కదలకుండా పైనూనె కుండలోకి ఒంపుతోంది. అడుగుకి వచ్చేసరికి ఆగింది. అడుగున ఉన్న మెరుపును రెండు వేళ్ళతో తీసి నలిపింది. మళ్ళీ నలిపింది. మా అమ్మ వేళ్ళు పుట్టినప్పటి నుంచి చేప పొలుసు తెలిసిన వేళ్ళు. పొలుసు వేలికి అంటుకుంటుంది. ఇది గీసుకుంది.

నాయన్ని పిలిచి ఆయన వేళ్ళ మధ్య పెట్టి నలపమంది. ఇసక అన్నాడు ఆయన. ఇసక మెరిస్తే ఇట్టా మెరవదు, ఇనుము, అంది అమ్మ. తర్వాత మా వంటింటి రోలు కొత్తగా వచ్చిన రోజులు గుర్తు చేసింది. కొత్త రోలు వస్తే ఎవరూ దాన్లో వెంటనే పిండి రుబ్బుకోరు. ముందు తవుడు వేసి రుబ్బి పారేస్తారు. మళ్ళీ వేసి మళ్ళీ పారేస్తారు. రాయి రాలడం మానేదాకా రోలు ఇంటిది కాదు. ఆ తవుడు నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది, రంగు కూడా రాతిరంగుకి తిరుగుతుంది. ఏళ్ళ తరబడి రుబ్బిన రోట్లో వెతికినా రాయి దొరకదు.

“పాత ఇంజనైతే రాలేది ఎప్పుడో రాలిపోయి ఉంటాది. ఇప్పుడు రాలిందంటే కొత్తదే,” అంది.

నాయన మద్రాసు దారిని వదులుకున్నాడు. రెండో దారిని మాత్రం వదల్లేదు. బండి కొత్తదే, మరి నూనె సంగతేందన్నాడు. మస్తాను లారీ నూనె తెచ్చి పోసి ఉంటే దాన్లో ఈ కొత్త ఇనుము ఎట్టొచ్చిందని అమ్మ అడిగింది. ఈ ఇనుము కూడా యాడన్నా ఆకురాయితో రాకించి తెచ్చి కలిపినాడంటావా అంది. నాయన నిజాయితీగా ఆలోచించాడు.

“కలపొచ్చు,” అన్నాడు.

అమ్మ కుండ కింద పెట్టి ఆయన వైపు చూసింది. “కలిపినాడే అనుకో. అంత తెలివైనోణ్ణి మన దగ్గర పెట్టుకుంటే మేలా, బయట వదిలిపెడితే మేలా?” అంది.

నాయన వ్యాపారంలో ఎన్నో వాదనలు విని ఉంటాడు గాని, ఇలాంటిది ఎవరూ ఆయన ముందు పెట్టలేదు. నా తర్కశాస్త్రంలో కూడా దీనికి పేరు లేదు. నమ్మమని ఎవరన్నా చెప్పి ఉంటే ఆయన చచ్చినా నమ్మేవాడు కాదు. అమ్మ నమ్మమనలేదు, ఇంకొంచెం బాగా అనుమానించమంది. ఆయన సీసాలోది తొట్టిలో వంచేసి, మస్తాన్ని పిల్చుకురమ్మని నన్ను పంపాడు.

నేను వెళ్ళేసరికి మస్తాను భార్య గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. అతను గడపలో కూర్చుని ఉన్నాడు. మోచేతుల మీద నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. రోలు సంగతి, ఇనుము సంగతి చెప్పాను. చివరి వాదన చెప్పలేదు. అతను విని, గొంతు సవరించుకున్నాడు. లేచి చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. వ్యాను దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. తప్పయిందనడం ఆయనకు రాదు. కొత్త నూనె డబ్బా చేత్తో ఎత్తి ఇవ్వబోయాడు. ఆయన మట్టుకు అది పెద్ద విషయమే. మస్తాను తీసుకోలేదు.

“అక్క రావాల,” అన్నాడు. “పీట ఏసుకుని కూర్చోవాల. ఈ పొద్దే గాదు. ఈ బండి నూనె నట్టు నేను ఎప్పుడు ముట్టుకున్నా మీ ఇంటోళ్ళు ఎవరో ఒకరు ఎదర కూర్చుని ఉండాల. కూర్చుంటేనే ఇప్పుతా. లేకపోతే ఇప్పను.”

అమ్మ పీట తెచ్చుకుంది. కూర్చుంది. మస్తాను డబ్బా మూత ఆమె ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించాడు, నూనె నాయన వేలికి రాసి రంగు చూపించాడు, పుస్తకం తెరిచి పేజీ పట్టుకోమని నాకు చెప్పాడు. అప్పుడు పోశాడు. చుక్క కింద పడలేదు. ఇంజను ఆడించాడు. వ్యాను తెప్ప మానుల మీద నుంచి దిగి ఇసకలోకి వచ్చింది.

ఆ షరతును అతను ఎన్నడూ సడలించలేదు. నూనె మార్చే రోజు ముందే కబురు చేసేవాడు. ఒకసారి నాయనకి జ్వరం, అమ్మ పుట్టింటికి వెళ్ళింది; నేను పొరుగూరి నుంచి వచ్చేసరికి నాయన్ని మంచంతో సహా బయటికి మోయించి వ్యాను పక్కన దించి ఉన్నారు. ఆయన దుప్పటిలోంచి, నువ్వు ఇప్పుకోరా, నేను చూడకపోతే ఏం అన్నాడు. ఆయన నోటి నుంచి అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. మస్తాను పానా పట్టుకుని కింద పడుకునే ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉంచయ్యా అన్నాడు. నాయన తెరిచి ఉంచాడు. మొదట్లో అది మస్తాను మా మీద తీర్చుకుంటున్న పగ అనుకున్నాను. కొన్నాళ్ళకి అలా అనిపించడం మానేసింది. అమ్మ వచ్చేటప్పుడు కాఫీ తెచ్చేది. అతను వ్యాను కింద నుంచి నెల్లూరు కబుర్లు చెప్పేవాడు; ఎదురుగా మొహం లేకపోతే అతనికి మాటలు బాగా వచ్చేవి. అమ్మ తన కబుర్లు చక్రానికి చెప్పేది. ఇంట్లో చేతులు ఖాళీగా ఉంచుకుని ఆమె కూర్చునేది రెండే చోట్ల, గానుగ దగ్గర, ఈ వ్యాను దగ్గర. తర్వాత గానుగ మూతపడింది. అప్పుడిక ఒక్క చోటే మిగిలింది.

అమ్మ పోయిన తర్వాత వ్యాను నూనె మార్చే రోజొచ్చింది. మస్తాను కబురు చేశాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. అతను కింద పడుకుని నట్టు ముట్టుకోలేదు. ఏమైంది మస్తానన్నా అంటే, పీట తీసుకురా అన్నాడు. తెచ్చి, వేసుకుని, కూర్చున్నాను. అప్పుడు నట్టు తిరిగిన చప్పుడైంది. ఆ రోజు కబుర్లేమీ చెప్పలేదు. నూనె నల్లగా దిగింది. చివరి చుక్క దాకా ఇద్దరం చూశాం.

ఇప్పుడు ఎవరూ ఎవర్నీ ఎదురుగా అనుమానించరు. అదొక నాగరికత అని నేను ఒప్పుకుంటాను. కారు తాళం ఇచ్చేస్తాం, చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, పని అయిపోయిందని ఫోనుకి మెసేజి వస్తుంది, ఎలా చేశామో ఐదుకి ఎన్ని చుక్కలో వెయ్యమంటారు. చూడనిదానికి నేను చుక్కలు ఎలా వెయ్యగలను? మా నాయన కాలంలో మనుషుల మధ్య నమ్మకం ఉండేదని నా వయసువాళ్ళు తరచుగా రాస్తుంటారు. మా ఇంట్లో లేదు. మా ఇంట్లో ఉన్నది పీట.

నిన్న మా అమ్మాయి కారుకి మొదటిసారి నూనె మార్చడానికి ఒక కుర్రవాడు ఇంటికే వచ్చాడు. ఇప్పుడు వాళ్ళే వస్తారట. అమ్మాయి ఆఫీసుకి వెళ్ళిపోయింది, తాళం నాకు ఇచ్చింది. పాలిష్‌కి పంపాల్సిన పీట ఇంకా తలుపు పక్కనే ఉంది. దాన్ని చంకన పెట్టుకుని లిఫ్టులో కిందికి దిగాను. పార్కింగులో అతను కారు ముందు భాగం పైకెత్తి, కింద పళ్ళెం పెట్టి, లోపలికి దూరబోతున్నాడు. బారెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు కొంచెం అభ్యంతరం చెప్పాయి. అతను తల బయట పెట్టి, మీరు పైన రెస్టు తీసుకోండి సార్, అయ్యాక ఫోన్ చేస్తాను అన్నాడు. ఫరవాలేదన్నాను. కాస్సేపు చూసి, “మా మీద నమ్మకం లేదా సార్?” అని అడిగాడు.

“అదేం కాదు నాయనా. నట్టు ఇప్పేటప్పుడు ఎవరో ఒకరు కూర్చోకపోతే మర్యాదగా ఉండదు,” అన్నాను.

అతను పానా చేత్తో పట్టుకుని, పీటనూ నన్నూ మార్చి మార్చి అనుమానంగా చూశాడు. ఒక మనిషి నన్ను అలా చూసి చాలా ఏళ్ళయింది. ప్రాణం లేచొచ్చింది. పీట కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.